తూటాల యంత్రానికి అక్షింతలు

ఈరోజు దసరా. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆయుధపూజకు ఈసారి నిజంగానే ఆయుధాల తాలూకు వస్తువు దొరికింది. మా అల్లుడు సెలవురోజుల్లో క్లబ్బుకు వెళ్లి, గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను తుపాకీతో కొడుతుంటాడు. పేల్చేసిన తూటాలను మళ్లీ నింపుకోవడానికి ఎవరో వాడేసిన యంత్రం ఒకటి కొన్నాడు. పిడి లాగినప్పుడల్లా దాని పళ్లెం కొంచెం తిరుగుతుంది. నెల్లాళ్లు గ్యారేజీలో తుప్పు గీకి, నూనె పెట్టి, నిన్నటికి దాన్ని దారికి తెచ్చాడు. ఆదివారం పోటీ. జట్టులో అతనికి చోటు దొరకడం ఇదే మొదలు.

"అత్తయ్యగారూ, అక్షింతలు మీ చేత్తోనే వేయండి," అన్నాడు.

పసుపు తడి ఆరని బియ్యం ధారాళంగా వేశాను. శుభమా అంటూ పిడి లాగాడు. పళ్లెం సగం తిరిగి బిగుసుకుపోయింది.

"లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి ఊరుకుంటే పోయేదిగా!" అంది మా అమ్మాయి.

యంత్రమంతా విప్పి బియ్యం ఏరాం. తిరిగి బిగించాక ఒక స్ప్రింగు మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు, అమ్మినాయన ఫోనెత్తడు, పళ్లెం తిరగదు. కాఫీ కలిపివ్వడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

కొడుకైతే ఈపాటికి నాలుగు మాటలు అనేసేవాడు. అల్లుడు కావడంతో, నేను ఎదురుపడ్డప్పుడల్లా "పర్లేదండీ అత్తయ్యగారూ" అంటున్నాడు. ఆ మర్యాద తట్టుకోవడం నా వల్ల కావడం లేదు. అల్లుడి చేత తిట్టించుకునే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే ఆదివారంలోగా చెప్పండి.