బొమ్మ ఈ తెరది, మాట ఆ తెరది

మొన్న శనివారం మా ఆవిడకి ఒక ఇంగ్లీషు సినిమా మొదట్నుంచీ చివరిదాకా తెలుగులో వివరించి చెప్పాను. బ్రహ్మాండంగా చెప్పాను. చిక్కల్లా ఏంటంటే, నేను చెప్పిన కథ ఆ సినిమాలో లేదు.

నవ్వండి, పర్లేదు. ప్రసాద్, నువ్వు మాత్రం నవ్వకు. ఈ ఐడియా ఇచ్చిందే నువ్వు. ఆ టీ ఇంకాస్త పొయ్యి, వరసగా చెప్తాను.

మా పెళ్లి ఎలా అయిందో మీ అందరికీ తెలుసు. సెలవు పెట్టి కాకినాడ వెళ్లాను, పిల్లని చూశాను, పెళ్లయింది, సెలవైపోయింది, వచ్చేశాను. పేపర్లన్నీ అయ్యి రాజ్యలక్ష్మి ఇక్కడికి వచ్చేసరికి ఏడాది దాటింది. ఎయిర్‌పోర్ట్‌లో ఈవిడేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. తనూ నన్ను అలాగే చూసింది. ఫార్మింగ్టన్ హిల్స్ ఇంటికి వచ్చాక ఇద్దరం ఎంత మర్యాదగా ఉన్నామంటే, ఒకే రైలు పెట్టెలో ఎదురెదురు సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా మాకంటే చనువుగా ఉంటారు. "కాఫీ ఇమ్మంటారా?" "ఇవ్వు." "అన్నం వడ్డించనా?" "ఊఁ." రోజు మొత్తానికి అంతే సరుకు. ఆఫీస్‌లో మీటింగ్ అంటే గంటసేపు మాట్లాడతాను గానీ, సొంత భార్య ఎదురుగా కూర్చుంటే నాకు నోట మాట రాదు.

ఇలా ఉండగా ఒకరోజు గిన్నెలు కడుగుతూ, కిటికీలోంచి పైకి చూస్తూ, తనంతట తాను ఒక మాట అడిగింది.

"ఇక్కణ్ణించి ఇండియాకి విమానాలు రోజూ ఉంటాయాండీ?"

అయిపోయింది, పిల్ల వెళ్లిపోదామనుకుంటోంది అనుకున్నాను. కంగారులో నోటికొచ్చిందేదో చెప్పాను. "ఉంటాయి. న్యూయార్క్‌లో మారాలి. లండన్‌లో ఆగుతుంది." అని చెప్పేసి గరాజ్‌లోకి వెళ్లి, పని ఏమీ లేకపోయినా కారు బానెట్ ఎత్తి దాని వంక చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఆఫీస్‌లో ప్రసాద్‌కి ఈ సంగతి చెప్పాను. "డ్రైవ్-ఇన్‌కి తీసుకెళ్లరా. కార్లో ఇద్దరే ఉంటారు. మాట్లాడక ఎక్కడికి పోతారు?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. పెద్ద మైదానం, ఎదురుగా తెర, ఎవరి కార్లో వాళ్లు కూర్చుని సినిమా చూడ్డం, మాటలు కారు రేడియోలో వస్తాయి అని రాజ్యానికి చెప్పాను. "సరే" అంది. ఎప్పుడూ అనే సరే కంటే కొంచెం పెద్ద సరేలా వినిపించింది. మిరపకాయ బజ్జీలు వేసింది, ఫ్లాస్క్‌లో కాఫీ పోసింది, నీలం రంగు పట్టుచీర కట్టుకుని వచ్చి కార్లో కూర్చుంది. నేను కూడా టై కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో అడక్కండి.

అక్కడ రెండు తెరలున్నాయి, మైదానానికి అటొకటి, ఇటొకటి. ఒకదాంట్లో ఎవరో నడివయసు మొగుడూ పెళ్లాల విడాకుల కేసు. మేమున్న పరిస్థితిలో ఆ వంక చూస్తే ఒట్టు. రెండోదాని పోస్టర్ మీద మొహానికి వెండిరంగు పూసుకున్న కుర్రాడు, గులాబీ రంగు జుట్టున్న పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల ఆకాశంలో ఏదో తళతళలాడుతోంది. పిల్ల చెవికి పిన్నీసులు. ఇప్పుడు కుర్రాళ్లందరికీ పట్టుకున్న ఆ పంక్ పాటల గోల ఇది. ఆ కుర్రాడు వేరే గ్రహం వాడని తెలుస్తూనే ఉంది. ఏ గ్రహం వాడైతే నాకేం, చెయ్యి పట్టుకున్నాడు కదా అని దానికే టికెట్లు తీసుకున్నాను.

గేటు దగ్గర టికెట్లిచ్చే కుర్రాడు గబగబా ఏదో చెప్పాడు. నేను తల ఊపాను. ఈ దేశం వచ్చి మూడేళ్లయింది. అర్థం కాని ఇంగ్లీషుకి అర్థమైనట్టు తల ఊపడంలో నన్ను మించినవాడు మిషిగన్‌లో లేడు.

ఇక రేడియో. నా ఉద్యోగం ఏంటో మీకు తెలుసు. కార్ల డాష్‌బోర్డ్ డిజైన్. రేడియో నాబ్ ఎక్కడుండాలో, ఎంత తిప్పితే ఎంత తిరగాలో చెప్పేవాణ్ణి నేను. అలాంటి నా సొంత కారులో ఆ నాబ్ ఊడిపోయి ఎన్నాళ్లయిందో. ప్లయర్స్‌తో పట్టుకుని తిప్పాలి. తిప్పాను, తిప్పాను, చివరికి గంటకొట్టినట్టు ఒక గొంతు వినిపించింది. "చూశావా, ఎంత క్లియర్‌గా ఉందో" అన్నాను. రాజ్యం నా వంక ఒకసారి, రేడియో వంక ఒకసారి చూసింది. ఏదో అనబోయి ఆగింది.

అప్పుడే నేను ఆ మాట అనేశాను. "ఈ అమెరికన్ యాక్సెంట్ కొత్తవాళ్లకి కొంచెం కష్టం. అర్థం కాకపోతే అడుగు, నేను చెప్తాను."

వేసవి కదా, తొమ్మిదైతే గానీ చీకటి పడలేదు. సినిమా మొదలైంది. తెర మీద ఒక గరాజ్‌లో నలుగురు పిల్లలు గిటార్లు విరగ్గొట్టేలా వాయిస్తున్నారు. రేడియోలో మెల్లగా వయొలిన్. గులాబీ జుట్టు పిల్ల మైకు పట్టుకుని నోరు తెరిచింది. లోపల్నుంచి అరవయ్యేళ్ల మగగొంతు వచ్చింది. "ఆర్డర్ ఇన్ ద కోర్ట్."

"ఆ అమ్మాయికి మగగొంతేంటండీ?" అంది రాజ్యం.

నాకూ అదే డౌటు. కానీ ఇప్పుడే కదా అడుగు, చెప్తానన్నాను. "అదే పంక్ అంటే. ఇప్పుడు ఇక్కడి పిల్లలు ఆడా మగా తేడా లేకుండా ఎవరి గొంతుతోనైనా పాడతారు" అన్నాను.

"ఓహో" అంది.

కిరాణా కొట్టు వెనకాల స్పేస్ షిప్ దిగింది. వెండి మొహం కుర్రాడు బయటికొచ్చి ఆ పిల్లని చూసి నిలబడిపోయాడు. నుదుటి మీద చిన్న దీపాలు వెలిగాయి. పెదవులు కదిలాయి. రేడియోలో ఒక ఆడమనిషి ఏడుస్తూ అంది, నా జీవితమంతా నీ చొక్కాలు ఇస్త్రీ చెయ్యడానికే సరిపోయింది అని.

రాజ్యం నా వైపు తిరిగింది. అడక్కముందే అందుకున్నాను. "వాళ్ల గ్రహంలో నోటితో మాట్లాడరు. టెలిపతీ. దగ్గర్లో ఎవరి గొంతు దొరికితే ఆ గొంతు వాడుకుంటారు."

"మరి చొక్కాలేంటండీ?"

"వాడు వేసుకున్నాడు చూడు, ఆ వెండి చొక్కా. వాళ్లకి అది చాలా ముఖ్యం."

ఇక ఆగలేదు నేను. చెప్పినకొద్దీ ఊపొచ్చింది. రేడియోలో డైనింగ్ టేబుల్ నాదంటే నాదని పోట్లాట. డైనింగ్ టేబుల్ అంటే వాళ్ల స్పేస్ షిప్ పేరన్నాను. మరి లాయర్ ఎందుకంది. వేరే గ్రహం పిల్లని ప్రేమించాలంటే అక్కడి గవర్నమెంట్ పర్మిషన్ కావాలన్నాను. అంటే వీసానా అంది. అచ్చంగా అదే అన్నాను. చుట్టుపక్కల కార్లలో వాళ్లు ఎక్కడో నవ్వుతున్నారు, మా రేడియోలో ఆ టైముకి ఎవరో ఏడుస్తున్నారు. నేను కూడా వాళ్లతోపాటు ఒక క్షణం ఆలస్యంగా నవ్వాను, వెనకబడకూడదని. రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ప్రేమకథ కదా, కదిలిపోయింది పాపం అనుకుని ఒక బజ్జీ అందించాను.

తెర మీద ఆ కుర్రాడికి తిరిగి వెళ్లే టైమొచ్చింది. ఆకాశం వైపు చూపించి ఆ పిల్లని కూడా రమ్మంటున్నాడు. పిల్ల వెనక్కి తిరిగి తన ఇంటి వంక చూస్తోంది.

"ఆ అమ్మాయి వెళ్తుందంటారా?" అంది రాజ్యం. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"వెళ్తుంది. ఇష్టపడింది కదా."

"అక్కడికి వెళ్లాక ఆ అబ్బాయి మాట్లాడతాడంటారా?"

అప్పటిదాకా దేనికీ తడుముకోనివాణ్ణి, దానికి మాత్రం ఒక బజ్జీ తీసి నోట్లో పెట్టుకున్నాను. అది నములుతుండగానే కిటికీ అద్దం మీద టకటకా కొట్టారు.

తిరిగి చూస్తే, కోడిజుట్టులా నిక్కిన ఆకుపచ్చ జుట్టు, నల్లగా కాటుక, చెవి పొడవునా పిన్నీసులు. తెర మీది మనిషే దిగి వచ్చిందనుకున్నాను. కాదు, వెనక కారులో పిల్ల. అద్దం దించాను. సార్, ఇందాకట్నుంచి మీ కాలు బ్రేక్ మీదే ఉంది, మీ ఎర్ర లైట్లు మా మొహాన కొడుతున్నాయి అని ఎంతో మర్యాదగా చెప్పింది. కాలు తీశాను. ఆ పిల్ల వెళ్లకుండా తల వంచి మా రేడియో విని, "యూ గాట్ ద రాంగ్ సౌండ్. దట్స్ ది అదర్ మూవీ" అంది.

నేను నోరు తెరిచేలోపు రాజ్యం నా మీదుగా కిటికీ వైపు వంగింది. కాలేజీలో పాఠం చెబుతున్నంత స్పష్టంగా, "ఐ నో, డియర్. ప్లీజ్ డోంట్ స్టాప్ హిమ్. హీ ఈజ్ డూయింగ్ సో వెల్" అంది.

నేను స్టీరింగ్ పట్టుకుని తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఇంకెటు చూడను?

ఆ పిల్ల కళ్లు రాజ్యం చేతి మీద పడ్డాయి. మన ఆడవాళ్ల సంగతి తెలుసుగా, గాజులకి ఎప్పుడూ ఓ పిన్నీసుల గుత్తి వేలాడుతుంటుంది. "యూ వేర్ పిన్స్ టూ?" అంది, వాళ్ల జట్టులో పెద్దావిడ ఎవరో కనిపించినట్టు. రాజ్యం నవ్వి ఒక పిన్నీసు తీసి ఇచ్చింది, రెండు బజ్జీలు కూడా. నేను ఇంకా నేస్తం కాలేకపోయిన మనిషికి అమెరికాలో మొదటి నేస్తం అలా దొరికింది.

పిల్ల వెళ్లాక ప్లయర్స్ తీసి స్టేషన్ మార్చాను. డబ్బాల్లో రాళ్లు పోసి కొట్టినట్టు డ్రమ్ములు. రాజ్యం చెవులు మూసుకుంది.

"వెనక్కి తిప్పెయ్యండి. ఆ డైనింగ్ టేబుల్ ఎవరికిచ్చారో తెలీకుండా నేను ఇంటికి రాను."

తిప్పేశాను. తెర మీద గులాబీ జుట్టు పిల్ల స్పేస్ షిప్ ఎక్కింది. రేడియోలో జడ్జిగారు టేబుల్ ఆవిడకీ, కుర్చీలు ఆయనకీ ఇప్పించారు. ఇదేం తీర్పు, నిలబడి తింటారా ఇద్దరూ అని రాజ్యం జడ్జిగారిని కడిగేసింది. అంతసేపు రేడియో, బ్రేక్ లైట్లు నడిచాయి కదా, కారు స్టార్ట్ అవలేదు. బ్యాటరీ చచ్చింది. ఆ ఆకుపచ్చ జుట్టు పిల్లా, తన స్నేహితులూ జంపర్ కేబుల్స్ తెచ్చి, వాళ్ల కారు బ్యాటరీకి కలిపి స్టార్ట్ చేశారు. నా దగ్గర కేబుల్స్ లేవు. రాజ్యం ఊరుకుందా? "హీ వర్క్స్ ఇన్ కార్స్" అని వాళ్లందరికీ పరిచయం చేసింది.

దారిలో కాస్త ధైర్యం తెచ్చుకుని అడిగాను, ఎప్పుడు తెలిసిందని.

"మీరు రేడియో పెట్టగానే. గేటు దగ్గర ఆ అబ్బాయి ఏ తెరకి ఏ స్టేషనో రెండు నంబర్లు చెప్పాడు. మీరు అవతలి తెరది పెట్టారు. నేను ఎమ్మే ఇంగ్లీషండీ, మర్చిపోయారా?"

"మరి చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నాను. ఈలోపు మీరు మాట్లాడ్డం మొదలెట్టారు. వచ్చాక మీరు ఇన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు. ఆపబుద్ధి కాలేదు."

సిగ్నల్ పచ్చబడ్డా కదల్లేదు నేను. "మరి ఆ రోజు విమానాలు అడిగావు?"

"ఏదో ఒకటి అడిగి మాట కలుపుదామని అడిగాను. కిటికీలోంచి విమానం కనిపించింది, అడిగాను. మీరేమో లండన్‌లో ఆగుతుందని చెప్పి గరాజ్‌లోకి వెళ్లిపోయారు. నన్ను పంపించేద్దామనుకుంటున్నారేమోనని ఎంత ఏడ్చానో తెలుసా?"

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, అన్నీ కలిసి వచ్చాయి. వెనక కారు వాడు హారన్ కొట్టేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఇంటికెళ్లాక కాఫీ నేనే పెట్టాను. ఘోరంగా ఉంది. చాలా బావుందంటూ తాగింది.

ఇదీ జరిగింది. ఏం రాజ్యం, ఇందాకట్నుంచి ఆ తలుపు దగ్గరే నిలబడి వింటున్నావు కదా, సరిగ్గానే చెప్పానా?

ఏమందో విన్నారా? "ప్రసాద్ అన్నయ్యగారూ, ఆయన్ని మాత్రం ఆపకండి. ఎంత బాగా చెబుతున్నారో" అంటోంది.

అంటే ఇవాళ కూడా ఎక్కడో అవతలి తెర స్టేషనే పెట్టేసినట్టున్నాను.