ఎడమ చెవిలో వినిపించని పాట

రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో ఉద్యోగానికి వెళ్లేదాన్ని. దారిలో పాటలు వినడానికి చవకలో హెడ్‌ఫోన్స్ కొందామని ఒక సాయంత్రం బస్టాండు ఎదుటి సెల్‌ఫోన్ల అంగడికి వెళ్లాను. చెవిలో దూర్చుకునేవి ఒత్తుకుంటాయని తలమీదుగా పెట్టుకునేవి అడిగాను. మొదటిదాంట్లో కుడివైపే పాట వినిపించింది.

"ఇది పాడైపోయిండాదన్నా, ఇంకోటి ఇయ్యి," అన్నాను.

రెండోదీ అంతే, మూడోదీ అంతే. అంగడతను తన చెవులకు పెట్టుకుని చూశాడు.

"రెండు పక్కలా బాగానే వస్తాండాది కదక్కా!"

హెడ్‌ఫోన్స్ అటుదిటు తిప్పి పెట్టుకున్నా ఎడమ చెవిలో నిశ్శబ్దమే. ముందురోజు నుంచి ఆ చెవి దిబ్బడ వేస్తే జలుబనుకున్నాను. మా నాయనకు చిన్న వయసులోనే చెవుడొచ్చింది. ఇంట్లో అందరం ఆయనతో అరిచి మాట్లాడేవాళ్లం. అది గుర్తొచ్చి, ఎడమ చెవి వినిపించడం లేదని అంగడతనితో చెప్పేశాను.

"ఇప్పుడే ఆస్పత్రికి పోక్కా," అని అతనే ఆటో పిలిచాడు.

డాక్టరమ్మ పరీక్షించి, "చెవి నరం దెబ్బతినింది. తొందరగా వచ్చినావు కాబట్టి మందులతో వినికిడి కొంత రావచ్చు," అంది.

ఆ తర్వాత పొద్దున లేవగానే కుడి చెవి గట్టిగా మూసుకుని, భయంభయంగా వినడమే నా పని. ఒకరోజు పాలామె కేక ఎడమ చెవిలో ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది. మంచం మీదే కూర్చుని ఏడ్చేశాను.