‘నువ్వు మాకొద్దు’ అని పేరు పెట్టిన పిల్ల

దూరదేశాన మోరీ అనే రేవులో చేపలు పొగబెట్టి అమ్ముకునే అరబాకు ముగ్గురు బిడ్డలు పొత్తిళ్లలోనే పోయారు. నాలుగోసారి ఆడపిల్ల పుట్టగానే అత్తగారు మన్సా, అక్కడి ఆచారం ప్రకారం, పిల్లకు యెంపెవ్ అని పేరు పెట్టింది. అంటే ‘నువ్వు మాకొద్దు’ అని. ఎవరికీ అక్కర్లేని బిడ్డను చావు మాత్రం ఎందుకు ఎత్తుకుపోతుంది? ఆ రేవులో అందరి నమ్మకమూ అదే.

అత్తగారు అంతటితో ఆగినా బాగుండేది. “పిల్ల నడిచేదాకా దాని మొహం చూసి నవ్వకే. నవ్వావో, ఇదీ నీకు దక్కదు,” అంది. ముగ్గుర్ని మట్టిలో పెట్టి వచ్చిన తల్లి ఎదురు చెప్పే ధైర్యం ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది? సరేనంది.

పసిదానికి ఈ నాటకం ఏం తెలుసు? పాలు తాగుతూ తాగుతూ ఆగి, తల్లి కళ్లలోకి చూసి నవ్వేది. అరబా పొయ్యి వైపు తిరిగేది. పిల్ల ఊఁకొట్టేది, కాళ్లు ఆడించేది, తల్లి బుగ్గ అందుకోబోయేది. అరబా పంటిబిగువున ఏడుపు ఆపుకునేది. కొన్నాళ్లకు పిల్ల ఆ మొహం వైపు చూడటమే మానేసింది. పసిగుడ్డు తానెవరో తల్లి మొహంలోనే కదా వెతుక్కునేది! అక్కడ దానికేమీ దొరకలేదు.

పిల్ల బతికింది. నడిచింది. ఆ రోజు అరబా వాకిట్లో కూలబడి, ఇన్నాళ్లూ దాచుకున్న నవ్వంతా నవ్వి చేతులు చాచింది. పిల్ల ఆమెను దాటుకుని, మొక్కజొన్న పిండితో కెంకే ముద్దలు వండి అమ్ముతూ, తనను చూసినప్పుడల్లా నవ్వే పక్కింటావిడ ఒళ్లోకి వెళ్లింది. చావును మోసం చేశామని మన్సా మురిసిపోయింది. మోసపోయింది చావొక్కటేనా? పాడు ఆచారం!

యెంపెవ్ పెరిగి పెద్దదై తల్లితో కలిసి పొగ మీద చేపలు తిప్పింది, తల్లికి జ్వరమొస్తే గంజి కాచి పోసింది. ఏ లోటూ చేయలేదు. కష్టమొచ్చినా సుఖమొచ్చినా చెప్పుకోవడానికి మాత్రం పక్కింటికే పోయేది. ఒక్కసారైనా తన ఒళ్లో తల పెట్టుకుంటుందేమోనని అరబా ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంది.

యెంపెవ్‌కు కూతురు పుట్టాక, ఒకనాడు అరబా మనవరాలిని ఒళ్లోకి తీసుకుంది. పసిది ఆమె కళ్లలోకి చూసి బోసినవ్వు నవ్వింది. అరబాకు ప్రాణం లేచొచ్చింది. ఏం లాభం, పాత భయం పట్టుకుని మొహం దానంతటదే పొయ్యి వైపు తిరిగిపోయింది.

యెంపెవ్ అది చూసింది. వచ్చి బిడ్డను తీసేసుకుంది.

“నువ్వు బతకాలనే చేశానే తల్లీ,” అంది అరబా.

“బతికానుగా అమ్మా,” అంది యెంపెవ్. బిడ్డను వీపున కట్టుకుని పక్కింటికి వెళ్లిపోయింది.