పాకం నోట్లో ఉన్నంతసేపు

ఆ రోజుల్లో నేను మొదట పనిచేసిన పల్లెకి బడి ఇచ్చినవాళ్లు దానిమీద కప్పు ఉండాలన్న సంగతి మరిచిపోయారు. ట్రైనింగు ముగించి, చోడవరానికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి ఒకే ఒక్క పంతులమ్మగా వెళ్లేనాటికి నాకు పందొమ్మిదేళ్లు. (నోరు మాత్రం నలభయ్యేళ్ల మనిషిదని మా అమ్మ అనేది.) గాలివానకి ఎగిరిపోయిన తాటాకుల కోసం మూడు అర్జీలు పెట్టాను. ‘పరిశీలనలో ఉన్నది’ అని మూడు జవాబులు వచ్చాయి. అంతలో చెరకు గానుగలు మొదలయ్యాయి. పిల్లలంతా బడి మానేసి పిప్పి ఎండబెట్టడానికి పోయారు. హాజరు ఇలాగే ఉంటే బడి ఎత్తేస్తామని పైనుంచి కాగితం దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలు రాకపోతే బడే వాళ్ల దగ్గరికి పోతుందనుకుని, నల్లబల్ల నెత్తిన పెట్టుకుని గానుగ దగ్గరికి నడిచాను.

గానుగ ఆసామిని ఊరంతా మావయ్య అనేది. నేనూ అలాగే పిలిచాను. ‘‘ఏటమ్మా పంతులమ్మా, బల్ల మోసుకొచ్చీసేవు?’’ అన్నాడు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పిల్లల్ని నాకిమ్మన్నాను. ఆయన గడ్డం గోక్కుని, ‘‘మా మనవరాలికి కూడా సెప్తావేటి? గుంట కదా’’ అన్నాడు. ఆడపిల్లలకే ముందు చెప్తానన్నాను. ‘‘అయితే ఆ పిప్పి కుప్ప పక్కన కూకోండి’’ అన్నాడు.

నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఎండలోనూ నీడలోనూ చేతిలో గొడుగు వదలరు గనుక ఆయన్ని గొడుగాయన అనేవాళ్లం. ఖాళీ బడి చూసి, బెల్లం వాసన పట్టుకుని గానుగ దగ్గరికొచ్చారు. ‘‘ఇది బడి కాదు. రూలు ఒప్పుకోదు. మూసేయమని ఇప్పుడే రాస్తాను’’ అని కలం తీశారు. సరిగ్గా అప్పుడే బెల్లం పాకం కాగే పెద్ద పెనం పొయ్యి మీంచి దించారు. మావయ్య ఆకులో పాకం ముద్ద పెట్టి, ‘‘తినండి బాబూ. పెనం దింపినప్పుడు వొచ్చినోరు ఉత్త నోటితో ఎల్తే మాకు మంచిది కాదు’’ అన్నాడు. మా వైపు వాళ్లయితే గోరంత గోరంత గిల్లుకుని తింటారు. ఆయన పట్నం మనిషి, ముద్దంతా ఒక్కసారే నోట్లో వేసుకున్నారు. పైపళ్లూ కిందిపళ్లూ అతుక్కుపోయాయి.

ఇక నన్ను ఆపేవాళ్లెవరు? ‘‘కప్పులేని గోడల్ని బడి అంటారు, పిల్లలున్న చోటుని కాదంటారు. మూసేయండి సార్. జీతం లేకుండా రేపు కూడా ఇక్కడే చెప్తాను. ఎలా మూస్తారో చూస్తాను’’ అన్నాను. ఆయన ‘మ్మ్’ అన్నారు. మావయ్య మనవరాలు పలక మీద తన పేరూ, తాత పేరూ రాసి, పైకి చదివి గొడుగాయన ముందు పెట్టింది. చదువురాని మావయ్య ఆ అక్షరాలను వేలితో తడిమి, ‘‘ఇది నేనేనా?’’ అన్నాడు. గొడుగాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పాకం వేడికో, ఆ మాటకో నాకిప్పటికీ తెలీదు. రిపోర్టులో మాత్రం ‘బడి నడుచుచున్నది’ అని రాశారు. కప్పు ఇంకో రెండేళ్లు పరిశీలనలోనే ఉంది.

తర్వాత నేనూ ఇన్‌స్పెక్టరునయ్యాను. గొడుగు కూడా కొన్నాను. ఒకసారి రోలుగుంట వైపు ఒక బడిలో, వసారాలో తరగతి పెట్టావేమిటని అడిగితే, కొత్తగా చేరిన పంతులమ్మ నా మొహం మీదే, ‘‘గది కారుతోందండి. వసారాకి రూలు ఒప్పుకోకపోతే రాసుకోండి’’ అంది. నాకు చర్రుమంది. కలం తీశాను. ఎందుకో ఒక్కసారి పాకం ముద్ద నోట్లో వేసుకున్నట్టు పళ్లు అతుక్కుపోయాయి. కలం జేబులో పెట్టుకుని, ‘‘చెప్పమ్మా, అంతా చెప్పు. నేను మాట్లాడను’’ అన్నాను.