మూడేళ్ల కష్టం మీద ఉమారాణి అభిప్రాయం

ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో చేపలు పట్టే బుగ్గయ్య కూతురు ఉమారాణి పేటెంట్ల పని చేస్తుందంటే వాడకట్టులో చాలామందికి అర్థం కాదు. విడమరిచి చెప్పే ఓపిక ఆమె ఎప్పుడో వదిలేసింది. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ, రెండోసారికి గట్టెక్కిన పేటెంట్ ఏజెంట్ పరీక్ష, మీర్‌పేట్‌లో వెంకటసుబ్బారావు ఆఫీసులో నౌకరీ. ఇన్నాళ్లూ ఆమె ఏం రాసినా కింద సంతకం మాత్రం ఆయనదే.

ఈసారి కేసు త్రివేణి అనే ఆవిడది. తన చిన్న ల్యాబులో ఒక జబ్బును ముందే పసిగట్టే పరీక్ష తయారుచేసింది. మనిషి కణాల మీద ఉండే ఒక రిసెప్టర్ తాలూకు జన్యువును ఆ పరీక్ష వెతుకుతుంది. ఆ జన్యువును మొదట విడదీసింది మేమేనంటూ ఒక విదేశీ కంపెనీ పేటెంటు అడుగుతోంది. పని తెలిసినవాళ్లెవరికైనా తట్టేదే అని తేలితే పేటెంటు రాదు. కాదని తేలితే త్రివేణి పరీక్ష మూలన పడాల్సిందే.

"ఎనిమిదిమంది శాస్త్రవేత్తలు మూడేళ్లు కష్టపడ్డారమ్మా. అది ఎవరికైనా తట్టేదంటే ఎవరు నమ్ముతారు? పరీక్ష మానుకోమని ఆవిడకు మన అభిప్రాయం రాసెయ్యి," అన్నారు వెంకటసుబ్బారావు.

ఉమారాణికీ అదే న్యాయమనిపించింది. ఒళ్లు వంచేవాళ్లంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పక్షపాతం. చెమట కనిపిస్తే చాలు, మార్కులు వేసేస్తుంది. శనివారం సగం రాసేసింది కూడా.

ఆదివారం పొద్దున బుగ్గయ్య బుట్టెడు కొర్రమట్ట చేపలతో ఇల్లు చేరాడు. నాలుగు రోజులు ఖాళీ చేతులతో తిరిగి, అయిదోనాడు పట్టాడు.

"మస్తు తిప్పలు పడ్డవ్ బాపు. నీ తెలివికి మొక్కాలె," అంది ఉమారాణి.

బుగ్గయ్య నవ్వాడు. "ఇండ్ల నా తెలివేముంది బిడ్డా? తుంగ పక్కన కొర్రమట్టలున్నయని నాతోని వలేసే జంగా ముందే జెప్పిండు. గా చేపకు ఎంత కన్ను వల ఎయ్యాల్నో మనోళ్లందరికి ఎరికే. జర ఓపిక పడితే ఎవలికైనా దొరుకుతయ్. తిప్పలు పడ్డది నిజమే. గది తెలివి గాదు."

ఉమారాణి చేతిలోని గిన్నె అక్కడే పెట్టి కాగితాల దగ్గరికి పరుగెత్తింది. ఎంత కష్టపడ్డారన్నది కాదు, మొదలుపెట్టేనాటికి ఏం తెలుసన్నది చూడాలి! వెతికితే దొరికింది. కంపెనీ పనిలోకి దిగకముందే ఆ రిసెప్టర్ ప్రోటీన్‌లో ఒక ముక్క ఎలా ఉంటుందో వేరేవాళ్లు అచ్చేశారు. ముక్క తెలిస్తే దాన్నిబట్టి జన్యువును పట్టే పద్ధతి ఎమ్మెస్సీ పుస్తకంలోనే ఉంది. ఆలస్యమైనా దొరుకుతుందన్న నమ్మకంతోనే పనిలోకి దిగొచ్చు. ఆమెకు తన మీద తనకే కోపమొచ్చింది. శనివారం రాసిందంతా కొట్టేసి, మధ్యాహ్నానికల్లా కొత్తది రాసింది.

సోమవారం వెంకటసుబ్బారావు దాన్ని రెండుసార్లు చదివారు. "మరి ఆ మూడేళ్లూ?"

"కష్టానికి పేటెంటు ఇయ్యరు సార్. ఎవరికీ తట్టనిది ఇండ్ల ఏముందో వాళ్లనే చూపెట్టమనుండ్రి."

ఆయన పెన్ను తీసి, కింద తన పేరు కొట్టేసి ఆమె పేరు రాశారు. "సంతకం నువ్వే చెయ్యమ్మా. వాదించేదీ నువ్వే."

సాయంత్రం వల బాగుచేసుకుంటూ సంగతంతా విన్న బుగ్గయ్యకు పాపమనిపించింది. "అయితే గా ఎనిమిది మంది కష్టం ఉత్తదేనా?"

"ఉత్తదెట్లయితది బాపు? వాళ్లు పట్టిన చేప వాళ్లు అమ్ముకోవచ్చు. ఇంకెవలూ చెర్ల వల ఎయ్యొద్దంటున్నరు."

బుగ్గయ్య చేతిలో సూది ఆగిపోయింది.

"గట్లన్నరా? ఇడ్సిపెట్టకు బిడ్డా."