ఆగే చేతులు

పియానో అక్కకు అసలు పేరు లేకపోలేదు. ఉంది గానీ ఆ సంగీత విభాగంలో దాన్ని ఎవరూ వాడి ఎరగరు. కొత్తగా చేరిన పిల్లలూ అక్కా అనేవారు, ఆమెకంటే పెద్ద మేష్టార్లూ అక్కా అనేవారు. ఒకసారి వైస్ ఛాన్సలరు కూడా మాటల ధోరణిలో అక్కా అనేసి నాలుక కరుచుకున్నాడు. పాడేవాళ్ళ పక్కన, వేణువు వాయించేవాళ్ళ పక్కన కూర్చుని పియానో వాయించడం ఆమె ఉద్యోగం. పక్కవాద్యం అన్నమాట. పరీక్ష ఎవరిదైనా, కచేరీ ఎవరిదైనా పక్కన ఆమె ఉండాల్సిందే. చప్పట్లు కొట్టేటప్పుడు మాత్రం జనం ఎదురుగా నిలబడ్డవాళ్ళనే చూస్తారు. అది ఎక్కడైనా అంతే.

ఆ విశ్వవిద్యాలయం ఒక్క చదువులో ముంచి తీసే చోటు కాదు. పొద్దున రసాయన శాస్త్రం, మధ్యాహ్నం తత్వశాస్త్రం, సాయంత్రం సంగీతం. అన్నీ చదివితేనే మనిషి సంపూర్ణంగా తయారవుతాడని బ్రోచర్లో గొప్పగా అచ్చేసుకున్నారు. సంపూర్ణత సంగతి దేవుడెరుగు, ఆ పిల్లలు సంగీతం గదికి చేరేసరికి కొన ఊపిరితో చేరేవారు. ఒకడి చేతులకు ల్యాబు వాసన, ఒకత్తి కళ్ళలో రేపటి వ్యాసం భయం. వాళ్ళకు సాధన చేసే తీరిక ఎక్కడిది? వాళ్ళు తప్పులు చేయడం ఖాయం, ఆ తప్పులు బయటపడకుండా చూడడం అక్క పని.

దానికి ఆమె దగ్గర ఒకే ఒక్క ఉపాయం ఉంది. ఆమె గొంతు వినేది కాదు, ఊపిరి వినేది. పాడేవాళ్ళు ఎక్కడ తడబడతారో గొంతు చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. ఊపిరి ముందే చెప్పేస్తుంది. కాస్త ముందుగా తీసుకుంటే తొందరపడబోతున్నారు, గట్టిగా తీసుకుంటే భయపడుతున్నారు, అసలు తీసుకోకపోతే పాట మరిచిపోయారు. అక్క చూపు ఎదుటి కాగితం మీద ఉండేది, ప్రాణమంతా ఆ ఊపిరి మీద ఉండేది. ఫిజిక్స్ చదివే పిల్ల ఒకత్తి ఉంది, గొంతు బాగుంటుంది గానీ దమ్ము చాలదు. ఏ పాటైనా రెండో వరుస మధ్యలో ఆగి గుక్క తిప్పుకోవాల్సిందే. అక్కడికి వచ్చేసరికి అక్క చేతులు వాటంతటవే రవంత నెమ్మదించేవి. వినేవాళ్ళు ఆ పాట నడకే అంత అనుకునేవారు. ఆ పిల్ల కూడా అలాగే అనుకుంది.

అక్క చదువుకున్నది కూడా అక్కడే. స్టాటిస్టిక్సూ పియానో కలిపి చదివింది. అప్పుడు ఆమెకు ప్రాణస్నేహితురాలు ఒకత్తి ఉండేది, చరిత్రా గాత్రమూ చదివేది. గొంతు ఖంగున మోగేదని అందరూ ఆమెను గంట అనేవారు. చివరి సంవత్సరం పరీక్షలో గంట పాడుతూ పాడుతూ ఒక చరణం మొత్తం ఎగరేసి తర్వాతి దానిలోకి దూకేసింది. పక్కన పియానో వాయిస్తున్న అక్క కూడా ఆ ఊపిరి విని ఆమెతో పాటే దూకింది. పరీక్షకులకు ఏ అనుమానమూ రాలేదు. గంటకు పతకం వచ్చింది. మర్నాడు అక్క ఒక్కత్తే వాయించిన పరీక్షకు ఫరవాలేదన్నారు. ఆ తర్వాత ఆమె వేదిక మీద ఒంటరిగా కూర్చున్నది లేదు.

గంట అక్కడే పాఠాలు చెప్పి, మెల్లగా విభాగానికి హెడ్డు అయింది. అక్కను పక్కవాద్యానికి తీసుకొచ్చింది కూడా ఆమే. మనిషి మంచిదే. మంచివాళ్ళ వల్ల జరిగేవాటికి ఎవర్ని తిట్టాలో తెలియదు, అదే నాకు ఒళ్ళు మండే విషయం.

ఇంట్లో అక్కా, వాళ్ళమ్మా ఇద్దరే. రెండు గదుల ఇల్లు, పియానో లేదు. "అది కావాలంటే నేను బయట పడుకోవాలి," అనేది అమ్మ. అందుకని అక్క భోజనాల బల్ల మీద వేళ్ళు ఆడించుకునేది. అమ్మ రోజూ సాయంత్రం తలుపు తీస్తూ ఒకటే మాట అడిగేది: "ఇవాళ ఎవరికి వాయించావే?" ఫ్లూటు కుర్రాడికనో, ఫిజిక్స్ పిల్లకనో అక్క చెప్పేది. అమ్మ తలూపి టీ పెట్టేది.

ఆ ఏడాది పరీక్షలకు ముందు ఒకరోజు గంట సాధన గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"నీకెలా చెప్పాలో తెలియట్లేదే," అంది.

"తలుపు వేశావుగా, సగం తెలిసిపోయింది," అంది అక్క.

వచ్చే ఏడాది నుంచి పక్కవాద్యం ఉద్యోగం ఉండదట. రికార్డు చేసిన పియానో పెట్టుకుని పిల్లలు పాడుకుంటారట. పైవాళ్ళు నిర్ణయించేశారట. గంట ఎంత వాదించినా చెవిన వేసుకోలేదట.

"ఒక దారి ఉంది. పెద్ద మేష్టారు రిటైరవుతున్నారు. ఆ టీచరు పోస్టుకి నిన్ను పిలిపిస్తాను. కమిటీ ముందు అరగంట నువ్వొక్కదానివే వాయించాలి, అంతే."

"ఒక్కదాన్నేనా?"

"ఆ రూలు అందరికీ ఉన్నదే. నీకేం కష్టమే, ఇన్నేళ్ళుగా చేస్తున్న పనేగా."

అది ఆ పని కాదని అక్కకు తెలుసు. అయినా సరేనంది. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు, ఆమెకు చదువు ఉంది. పియానో పోతే ఎక్కడికెళ్ళి తెచ్చుకుంటుంది? ఆ భవనంలో తప్ప ఆమెకు పియానో లేదు. ఈ పోస్టు రాకపోతే ఆ చేతులకు భోజనాల బల్లే గతి.

సాధన మొదలుపెట్టాక అసలు రోగం బయటపడింది. ప్రతి వరుస చివరా ఆమె చేతులు ఆగిపోతున్నాయి. పక్కన ఎవరూ లేరు, అయినా ఎవరో గుక్క తిప్పుకుంటున్నట్టు చేతులు మర్యాదగా ఎదురుచూస్తున్నాయి. పాటను మోయాల్సిన కుడిచెయ్యి పెద్దల ముందు కూర్చున్న కొత్తకోడల్లా ఒదిగిపోతోంది. అక్క తన చేతుల్ని తనే తిట్టుకుంది. చివరికి ఒక ఉపాయం ఆలోచించింది: లోలోపల తనే పాడుకుంటూ, తన ఊపిరినే వింటూ వాయించడం. అది పనిచేసింది. ఒక సాయంత్రం కమిటీకి వినిపించాల్సిన రచన మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. గది బయట నేల తుడుస్తున్న ఆయన తలుపు తోసి, "ఇవాళ ఎవరూ పాడట్లేదా అక్కా?" అన్నాడు. "నేనే," అంది అక్క. అలా చెప్పుకున్నందుకు ఆమెకు సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి. ఆ నెలలన్నిటికీ ఆమెకు దక్కిన సంతోషం అదొక్కటే.

వాయించాల్సిన రోజు హాల్లో కమిటీ ముందు వరసలో కూర్చుంది. బయటినుంచి వచ్చిన పెద్దమనిషి ఒక చివర, గంట సరిగ్గా పియానోకు ఎదురుగా. స్నేహితురాలికి ధైర్యంగా ఉంటుందని ఏరి కోరి అక్కడ కూర్చుంది. గుండుసూది పడినా వినిపించే హాలు అది.

మొదటి భాగం చక్కగా సాగింది. అక్క తన ఊపిరి తను వింటూ వాయించింది. రెండో భాగం నెమ్మదిగా నడిచేది, కుడిచేతి పాట. మొదటి వరుస చివర ముందు వరసలోంచి చిన్న చప్పుడు వినిపించింది. గంట ఊపిరి తీసుకుంది. పాడేవాళ్ళకు అదో అలవాటు, పాట ఎవరు వాయిస్తున్నా లోపల వాళ్ళు పాడుతూనే ఉంటారు. ఆమె ఏ పాపమూ ఎరగదు. కానీ అక్క చేతులకు కావలసింది దొరికింది. అవి ఆగాయి, గంట లోపల అందుకున్నాకే కదిలాయి. అక్కడి నుంచి అక్కకు తన ఊపిరి వినపడలేదు. గంట తొందరపడితే చేతులు తొందరపడ్డాయి, గంట సాగదీస్తే అవీ సాగదీశాయి. వద్దు వద్దని ఆమె మనసులో మొత్తుకుంటూనే ఉంది. చేతులకు ఆమె మాట వినే అలవాటు ఎప్పుడో తప్పిపోయింది.

ఏదో తేడా జరుగుతోందని గంటకు అనుమానం వచ్చింది. కంగారులో ఊపిరి బిగబట్టింది. పియానో ఆగిపోయింది.

అక్క చేతులు మీటల మీద ఒక అంగుళం ఎత్తున నిలిచిపోయాయి. వేళ్ళకు తర్వాతి స్వరం తెలుసు, కాగితం ఎదురుగానే ఉంది. అయినా అవి ఎదురుచూస్తున్నాయి. చివరికి గంట ఊపిరి వదిలి మళ్ళీ తీసుకుంది. అప్పుడు పాట మళ్ళీ మొదలైంది.

సాయంత్రం గంట సాధన గదికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉన్నదున్నట్టు చెప్పమంటావా?"

"చెప్పు."

"ఆ వచ్చినాయన నిన్ను మెచ్చుకున్నాడే. చాలా చక్కగా వాయించారు అన్నాడు. కాకపోతే, పాడాల్సిన మనిషెవరో రాలేదనిపించింది అన్నాడు. మిగతావాళ్ళూ అదే పట్టుకున్నారు. నేను ఎంత చెప్పినా..." గంట కుర్చీలో కూలబడింది. "అసలు ఆ మధ్యలో ఎందుకు ఆగిపోయావే? అక్కడ ఆగకుండా ఉంటే నేను ఎలాగోలా ఒప్పించేదాన్ని."

అక్క ఆమె వంక చూసింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే గంట జన్మలో మళ్ళీ నిద్రపోలేదు, నోరారా పాడనూ లేదు.

"మర్చిపోయానే," అంది అక్క.

ఆమె ఏ పాటనూ మరిచిపోయి ఎరగదు. తప్పు చేసింది ఒకరు, కప్పింది అక్క. ఆమె నేర్చిన పని అదే కదా, ఇంకో పని చేతకాలేదు. నాకైతే అప్పుడే అక్కడే ఆ నిజం గంట మొహాన కొట్టాలనిపిస్తుంది. కానీ నేను అక్కను కాదు.

ఇంటికి వెళ్ళాక అమ్మ తలుపు తీసింది.

"ఇవాళ ఎవరికి వాయించావే?"

"గంటకి," అంది అక్క.

అమ్మకు సంగతి తెలుసు, ఆ రోజు కూతురు ఒక్కత్తే వాయించాలని తెలుసు. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళి, చాలాసేపు స్టవ్ వెలిగించకుండా నిలబడింది.

వెళ్ళిపోయే ముందు విభాగం అక్కను చివరి పని ఒకటి అడిగింది. పిల్లలు పాడుకోవాల్సిన పాటలన్నిటికీ ఆమె చేతనే పియానో రికార్డు చేయిస్తారట. ఇంతకంటే బాగా ఎవరు వాయిస్తారు అన్నారు. అది నిజమే గనక ఆమె కాదనలేకపోయింది. నేనైతే ఆ మాటకు పెద్ద దండం పెట్టి బయటికి నడిచేవాణ్ణి. కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. లోపల టిక్కు టిక్కుమని గడియారం లాంటి చప్పుడు. ఆ చప్పుడును బట్టే వాయించాలి. ఫిజిక్స్ పిల్ల పాట దగ్గర అక్క రెండో వరుస మధ్యలో నెమ్మదించింది. రికార్డు చేసేవాడు చెయ్యెత్తి ఆపాడు.

"ఇక్కడ లయ పోయింది మేడం."

"అక్కడ ఒక పిల్ల గుక్క తిప్పుకోవాలి."

"అందరి కోసం కదా మేడం చేస్తున్నాం. ఒక్కరి కోసం పెడితే మిగతావాళ్ళకి తేడా వస్తుంది."

అతను చెప్పింది తప్పు కాదు. అక్క మళ్ళీ వాయించింది. ఈసారి ఆగలేదు. చెవుల్లో టిక్కు టిక్కు తప్ప ఎవరి ఊపిరీ లేదు గనక ఆమె చేతులు ఎక్కడా తడబడకుండా, ఏ పాటకు ఆ పాట, మొదటి నుంచి చివరిదాకా నడిచిపోయాయి. "అబ్బ, ఎంత నిక్కచ్చిగా వాయించారు," అన్నాడతను.

ఇప్పుడామె ఒక బీమా ఆఫీసులో అంకెలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. చదివిన స్టాటిస్టిక్స్ ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. బ్రోచర్లో రాసిన సంపూర్ణ మనిషి ఇదే కాబోలు. ఆఫీసులో ఆమెను అసలు పేరుతోనే పిలుస్తారు. మొదట్లో ఎవరిని పిలుస్తున్నారా అని ఆమె వెనక్కి తిరిగి చూసేది.

మొన్న ఒక సాయంత్రం ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉండగా ఫిజిక్స్ పిల్ల ఫోన్ చేసింది. వారంలో పరీక్ష ఉందట. గొంతులో ఏడుపు వినిపిస్తూనే ఉంది.

"అక్కా, ఏమీ అనుకోకండి. ఆ రికార్డులో వాయించింది మీరేనా?"

"నేనేనమ్మా."

"మరి మీరు ఆగట్లేదక్కా. పోయినేడు ఇదే పాట మీతో హాయిగా పాడాను. ఇప్పుడు ఎంత చేసినా వెనకబడిపోతున్నాను. నా గొంతు పాడైందేమోనని భయమేస్తోంది."

"గొంతుకేం కాలేదు. ఏదీ, ఒకసారి పాడు."

అవతల పియానో మొదలైంది. పిల్ల అందుకుంది. అక్క ఫోన్ బల్ల మీద పెట్టి, తెలియకుండానే రెండు చేతులూ ఆ పక్కనే పెట్టింది. వేళ్ళు పాట వెంట కదిలాయి. రెండో వరుస వచ్చింది. మధ్యలో ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం ఫోన్లోంచి స్పష్టంగా వినిపించింది.

బల్ల మీద అక్క చేతులు ఆగాయి. ఫోన్లోని ఆమె చేతులు ఆ పిల్లను అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళిపోయాయి.