పిచ్చుక గౌనుకి నాలుగు పట్టీలు

మిషనమ్మకు చూపు మందగించిందని, అందుకే పిచ్చుక పెళ్లిగౌను కొలత తప్పిందని, తప్పు కప్పిపుచ్చుకోవడానికి వీపు నిలువునా కోసి తాళ్లు కట్టి పంపించిందని మన వీధిలో చెప్పుకుంటున్నారు. మలుపు దగ్గరి ఇంటావిడ దానికి ఇంకో ముక్క అతికించింది. పెళ్లి హాల్లో మిషనమ్మ కత్తెర పట్టుకుని పెళ్లికూతురి మీదికి వెళ్లిందట. ఇందులో కత్తెరా తాళ్లూ మాత్రమే నిజం, తక్కినదంతా ఊసుపోక అల్లింది. చెప్పడానికి హక్కున్న మనిషి పిచ్చుకే. ఆ పిల్లే మొన్న వచ్చి, "ఇక దాచడమెందుకు, అందరికీ చెప్పెయ్యండి" అంది కాబట్టి ఉన్నదున్నట్టు రాయడం.

ముందు చూపు సంగతి. మిషనమ్మ ఇప్పటికీ కళ్లజోడు లేకుండా ఒక్క విసురులో సూదిలో దారం ఎక్కిస్తుంది. ఇస్త్రీ పెట్టె ముందు నిలబడే ఆమె మొగుడికి మాత్రం చొక్కాకీ లంగాకీ తేడా తెలియడానికి కాసేపు పడుతుంది. వాళ్ల ముందుగదిలో కిటికీ కింద మిషను, ఎదురుగోడకు పొడవాటి మేకు. ఆ మేకుకు వీధి వీధంతా వేలాడుతుంటుంది. ఆమె కొలతలు పుస్తకంలో రాసుకోదు. పాత క్యాలెండర్ కాగితాన్ని సన్నగా, పొడుగ్గా కత్తిరించి, మనిషికొక పట్టీ చేస్తుంది. ఛాతీ దగ్గర ఒక గాటు, నడుము దగ్గర రెండు గాట్లు, పొడవుకి మూడు. చివర మనిషి గుర్తు. ఒకసారి కొలిచిన మనిషిని రెండోసారి కొలవడం ఆమెకు నామోషీ. "లావెక్కావో చిక్కావో నువ్వు చెప్పు, వేలెడు కలపనా తియ్యనా అన్నది నేను చూసుకుంటా" అంటుంది.

పిచ్చుకది ఆ మేకుకున్న పట్టీలన్నిటిలోకీ పొట్టిది. పదహారేళ్లప్పుడు కొలిచిన కొలతే ఇరవై ఆరేళ్లకూ సరిపోయింది. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతుందని చిన్నప్పుడు ఎవరో పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే ఉద్యోగం. పెళ్లికి నాలుగు నెలల ముందే వాళ్లమ్మ తెల్ల శాటిన్ తెచ్చి, "గౌను నువ్వే కుట్టాలి వదినా, వీపున జిప్పు పెట్టి, ఒంటికి అంటుకున్నట్టు ఉండాలి" అంది. మిషనమ్మ పాత పట్టీతోనే కత్తిరించింది. ఈ పిల్ల ఎక్కడ పెరుగుతుందిలే అని లోపల మడత కూడా అందరికీ వదిలేటంత వదల్లేదు. తొడిగి చూస్తే పోత పోసినట్టు పట్టింది.

ఆ తర్వాత పిల్లకు వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దున లేస్తే పిడికిలి విప్పలేదు, జిగురు డబ్బా మూత తియ్యలేదు. కీళ్లజబ్బు అన్నారు. మాత్రలు ఇచ్చారు. నొప్పి తగ్గింది గానీ, మనిషి ఉబ్బడం మొదలుపెట్టింది. పెళ్లికి ఆరు వారాలుందనగా తల్లీకూతుళ్లు గౌను పట్టుకుని వచ్చారు. జిప్పు నడుము దాటి పైకి రానంది. నాలుగు వేళ్ల ఎడం.

"పెళ్లికళ వచ్చేసిందే నీకు" అంది మిషనమ్మ, ఏమనాలో తెలియక.

"కళ కాదత్తా, మాత్రలు" అంది పిచ్చుక.

పెళ్లికొడుక్కి అన్నీ తెలుసు, ఆసుపత్రికి తీసుకెళ్లేదే అతను. వీధికి మాత్రం తెలియనివ్వొద్దని తల్లి బతిమాలింది. ప్రతివాళ్లూ వచ్చి జాలి పడితే పిల్ల తట్టుకోలేదంది. మిషనమ్మ సరేనని, నామోషీ పక్కన పెట్టి, ఈసారి ఒంటి చుట్టుకొలతకు మాత్రమే రెండో పట్టీ కత్తిరించింది. పక్క కుట్లన్నీ విప్పింది. వదిలిన కాసింత మడతా వాడేస్తే రెండు వేళ్లు వచ్చింది. ఇంకా రెండు వేళ్లు తక్కువ. శాటిన్‌లో సూది పోటు పడితే మచ్చ మానదు. విప్పిన చోటల్లా పాత రంధ్రాలు వరసగా కనిపిస్తుంటే, వాటి మీద సన్నటి లేసు వేసి కప్పింది. అదే రంగు బట్ట కోసం నాలుగు కొట్లు తిరిగింది. తెలుపులో ఇన్ని తెలుపులున్నాయని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఏదీ దీనికి కలవలేదు.

రెండు వారాలకు పిచ్చుక ఒక్కతే వచ్చింది. మిషనమ్మ టేపు చుట్టింది, తీసింది, మళ్లీ చుట్టింది. తగ్గింది. మూడో పట్టీ రెండో దానికన్నా పొట్టిగా వచ్చింది. గౌను తొడిగి జిప్పు లాగితే కాస్త సణిగి, మెడదాకా పాకింది. మిషనమ్మ పొంగిపోయింది.

"బంగారు తల్లివి. పెళ్లిదాకా ఇలాగే ఉండు."

"ఉంటానత్తా."

పిల్ల మొహం పాలిపోయి ఉంది. అద్దం ముందు నిలబడ్డప్పుడు కుర్చీ వీపు పట్టుకుంది. మిషనమ్మ చూసింది. చూసి, ఎండన పడి వచ్చిందేమో అనుకుని మంచినీళ్లిచ్చింది. జిప్పు పట్టిన సంబరంలో అంతకుమించి బుర్రకెక్కలేదు.

నాలుగు రోజులకు లైబ్రరీలో, జిగురు గిన్నె పక్కనే పిచ్చుక పడిపోయింది. మాత్రలు సగం చేసి, ఆ తర్వాత ఆ సగమూ మానేసిందట. తిండి కూడా సగమేనట. ఆ మాత్రలు ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు తల్లిని చెడామడా తిట్టాడు. తల్లి వచ్చి మిషనమ్మ గుమ్మంలో నిలబడి, కోపంగా కాదు, ఊరికే చెప్పింది.

"ఎందుకు మానావే అంటే, ఇలాగే ఉండమని అత్త చెప్పింది అంటోంది వదినా."

మిషనమ్మ ఆసుపత్రికి పరుగెత్తింది. అలవాటు కొద్దీ మెడలో టేపు అలాగే ఉంది. మంచం పక్కన కూర్చుంటే అది చూసి నర్సు నవ్వింది. పిచ్చుక చేతికి సూది, ఆ సూదికి గొట్టం, పైన సీసా. ముప్ఫై ఏళ్లు సూదితో బతికిన మనిషికి ఆ గదిలో తన చేతులతో ఏం చెయ్యాలో తోచలేదు. దుప్పటి అంచు ఊడి ఉంటే దాన్నే మడతపెడుతూ కూర్చుంది.

"గౌను పట్టదా అత్తా ఇక?"

"నువ్వు మాత్రలు మింగు. గౌను గొడవ నాది."

అనడమైతే అంది గానీ, ఏం చెయ్యాలో ఆమెకే తెలియదు. పిల్ల ఇంటికొచ్చాక నాలుగో పట్టీ కత్తిరించింది. గౌనుకీ ఒంటికీ బెత్తెడు తేడా. మాత్రలు రెట్టింపు చేశారు. పెళ్లి రోజుకి ఇంకెంత ఉబ్బుతుందో డాక్టరే చెప్పలేనన్నాడు. ఎటు కొలిచినా ఎల్లుండికి తప్పైపోయే కొలత అది. రెండు రోజులు మిషను ముట్టలేదు. మూడో రోజు జిప్పు ఊడదీసింది. మెడ నుంచి నడుము కిందిదాకా వీపు విప్పి, రెండు అంచులకీ పదిహేనేసి గుడ్డ లూపులు కుట్టింది. మిగిలిన పీలికలతో సన్నటి డోరీ తిప్పి, బూటు లేసు ఎక్కించినట్టు అటూ ఇటూ దూర్చింది. మధ్యలో వీపు కనబడకుండా లోపల ఒక గుడ్డ వేసింది.

"దీనికి కొలత లేదు" అని పిచ్చుకకు చూపించింది. "నువ్వు ఎంతుంటే గౌను అంత. బిగిస్తే బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది. గౌను కోసం నువ్వు మారక్కర్లేదు."

పిల్ల ఆ డోరీని చాలాసేపు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. వేళ్లింకా పూర్తిగా విచ్చుకోవడం లేదు.

వెళ్లేటప్పుడు, తోడొచ్చిన తల్లి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "ఎవరైనా వీపు చూసి అడిగితే... కొలత తప్పిందని చెప్పగలవా వదినా?"

మిషనమ్మ మేకు వైపు ఒకసారి చూసి, "చెప్తాలే" అంది.

పెళ్లి రోజు హాలు వెనక గదిలో గౌను తొడిగితే, వారం కిందటి కన్నా పిల్ల ఇంకా ఉబ్బి ఉంది. డోరీ అందింది. లోపలి గుడ్డ మాత్రం మూడు వేళ్లు చాలక, పక్కన వీపు కనబడుతోంది. బయట కుర్చీలు నిండిపోతున్నాయి. మిషనమ్మ నేల మీద కూర్చుని, గౌను అంచు ఎత్తి, లోపలి లైనింగ్‌లోంచి ఒక పట్టీ కత్తిరించడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పిల్ల పిన్ని తలుపు తోసింది. కత్తెర కథ అక్కడ పుట్టింది. ఆ పట్టీని మిషనమ్మ పిచ్చుక ఒంటి మీదే చేత్తో టాకాలు వేసి అతికింది.

"గుచ్చుకుంటుందా?"

"లేదత్తా. ఊపిరి ఆడుతోంది. అది చాలు."

హాల్లో పిచ్చుక నడుస్తుంటే వెనక వరసలో గుసగుసలు. "ఏంటా తాళ్లు, మూట కట్టినట్టు?" "ఎవరు కుట్టారు?" మిషనమ్మ ఆ వరసలోనే ఉంది. మలుపు దగ్గరి ఇంటావిడ ఇటు తిరిగి నిలదీసింది. "నీ చేతి పనేనా ఇది?"

"నాదే. కొలత తప్పింది" అంది మిషనమ్మ.

అంతే, ఆ ముక్క పెళ్లిభోజనం కన్నా ముందు అందరికీ వడ్డన అయిపోయింది. నెల తిరక్కుండా కుట్టుపని సగం పడిపోయింది. ఒకావిడ వచ్చి, "మా పట్టీ ఇచ్చెయ్ మిషనమ్మా, వేరేచోట కుట్టించుకుంటాం" అని అడిగి మరీ తీసుకుపోయింది. మిషనమ్మ మేకు నుంచి తీసి, దుమ్ము దులిపి, చుట్టచుట్టి చేతిలో పెట్టింది. ఏమంటుంది? నోరు విప్పితే పిల్ల జబ్బు బయటపడుతుంది. మొగుడు ఇస్త్రీకి బట్టల్లేక, ఇస్త్రీ చేసిన దుప్పటినే మళ్లీ చేస్తున్నాడు.

మొన్న పిచ్చుక తనంతట తనే నోరు విప్పాక, ఎదురింటి పెద్దమ్మ ఆగలేక వీధి దాటి వెళ్లి మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మేకు సగం ఖాళీగా ఉంది. కిటికీ చట్రానికి, కుట్టేటప్పుడు కళ్లకెదురుగా ఉండేలా, పొట్టి పట్టీ ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంది. అది మూడోది.

"పిల్లే అంతా చెప్పేసిందిగా" అంది పెద్దమ్మ. "ఇంకా ఎవరడిగినా తప్పింది తప్పింది అంటున్నావట, ఏం రోగం నీకు? ఇక్కడెవరూ లేరు. నాకు నిజం చెప్పు. అసలు నువ్వు కొలత తప్పావా, లేదా?"

మిషనమ్మ చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపింది.

"తప్పాను పెద్దమ్మా. మూడోసారి టేపు తగ్గితే, పిల్ల ఎందుకు తగ్గిందో అడగలేదు. జిప్పు పట్టిందని సంతోషపడ్డాను."